అడగకపోయినా చెప్పవలసిన మాట

ఇటీవల ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతుండగా పరిచయస్థులైన ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయిన మనిషి. కొడుకు ఇంగ్లండులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాలుగేళ్ల కిందట అక్కడ ఒక కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు. ఆ కబురు అందిన రోజున ఆయన మిఠాయి డబ్బాతో వచ్చి నమాజీలందరికీ పంచిన సంగతి మాకు బాగా గుర్తుంది.

"మావాడు ఆ ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాడండీ. కొనడానికి వచ్చింది కూడా మన తెలుగువాళ్లే, మన ముస్లిం కుటుంబమే. ఆ ఇంటికి ఏటేటా కట్టవలసిన చార్జీ ఒకటి ఉంది. కొన్నప్పుడు మావాడికి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇప్పుడది బాగా పెరిగింది. ఇంకా పెరుగుతుందని ఉత్తరాలు కూడా వస్తున్నాయి. 'అబ్బా, వాళ్లు అడిగితే చెబుతాను. అడగకపోతే నేనెందుకు చెప్పాలి? నాకు ఎవరు చెప్పారు?' అంటున్నాడు. వాడికి నేనేం జవాబివ్వాలి?" అని అడిగారు.

ఆ మెట్ల మీద నిలబడి మేము ఒక్క మాటే అన్నాం. "చెప్పమనండి." ఆయన తల ఊపి వెళ్లిపోయారు. కాని ఒక్క మాటతో తీరిపోయే సందేహం కాదది. ఇంగ్లండులో ఇల్లు కొన్న, కొనబోతున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. హైదరాబాదులోనో విజయవాడలోనో గేటు, గోడ, పార్కు ఉన్న కాలనీలో విల్లా కొనాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి. అందుచేత ఆ సందేహాన్ని ఈ వారం మన పాఠకులందరి ముందు ఉంచుతున్నాం.

ఇల్లు మనదే, దారి మనది కాదు

ముందు ఈ చార్జీ ఏమిటో తెలుసుకోవాలి. ఇంగ్లండులో ఇళ్లు రెండు రకాల హక్కుల మీద అమ్ముతారు. ఒకటి లీజ్‌హోల్డ్. అంటే ఇన్నేళ్లని గడువు పెట్టి ఇచ్చే హక్కు. ఫ్లాట్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. రెండవది ఫ్రీహోల్డ్. ఇల్లు, దాని కింది నేల శాశ్వతంగా కొన్నవారివే. ఫ్రీహోల్డ్ అనగానే మన పిల్లలు 'ఇక ఎవరికీ ఏమీ బాకీ ఉండం' అని నిశ్చింత పడతారు. ఆ నిశ్చింతలోనే చిక్కు ఉంది.

పూర్వం కొత్త కాలనీ కట్టినప్పుడు రోడ్లు, వీధి దీపాలు, పార్కులు కొంతకాలానికి స్థానిక కౌన్సిల్‌కు అప్పగించేవారు. మన మునిసిపాలిటీ వంటిదే కౌన్సిల్. ఇంటి యజమాని కౌన్సిల్‌కు పన్ను కట్టేవాడు, కౌన్సిల్ వాటిని చూసుకునేది. ఇప్పుడు ఎన్నో కొత్త కాలనీలలో అలా జరగడం లేదు. రోడ్లు, పచ్చిక బయళ్లు, పిల్లల ఆటస్థలం, వాననీరు చేరే చెరువు, ఇవన్నీ ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కంపెనీ చేతికి పోతున్నాయి. ఆ కంపెనీ తన ఖర్చును, దాని మీద తన రుసుమును కాలనీలోని ఇళ్ల మీద పంచుతుంది. ఇంటి యజమాని కౌన్సిల్ పన్నూ కట్టాలి, ఈ చార్జీ కూడా కట్టాలి.

ఇది ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఉన్న మాట కాదు. బ్రిటన్‌లో వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఇళ్ల నిర్మాణ రంగాన్ని పరిశీలించి 2024 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2021-22లో 11 పెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతం ఇలాంటి చార్జీలకు లోబడినవేనని అందులో తేలింది. సగటు చార్జీ ఏడాదికి 350 పౌండ్లు. మన లెక్కలో 35 వేల రూపాయలకు పైమాటే. ఇది సగటు మాత్రమే. రోడ్డో కాలువో పెద్దగా మరమ్మతుకు వస్తే ఒక్కసారిగా వేల పౌండ్లు అడిగే అవకాశం ఉందని కూడా ఆ నివేదిక హెచ్చరించింది.

చార్జీ కట్టడం తప్పని మేము అనడం లేదు. పార్కులో గడ్డి కోసినవాడికి కూలి ఇవ్వాలి. దీపం వెలిగితే కరెంటు బిల్లు వస్తుంది. చిక్కు మరొకచోట ఉంది. ఈ చార్జీకి ఎన్నోచోట్ల పరిమితి రాసి ఉండదు. పని బాగా లేదని కంపెనీని మార్చడం ఇంటి యజమానులకు తేలిక కాదు. లీజ్‌హోల్డ్ వారికి 'ఈ చార్జీ న్యాయమైనది కాదు' అని ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కును 1985 నాటి చట్టమే ఇచ్చింది. శాశ్వత హక్కుదారులైన ఫ్రీహోల్డ్ వారికి అటువంటి హక్కు ఇవ్వడానికి 2024 మే 24న ఆమోదం పొందిన కొత్త చట్టంలో ఒక భాగం చేర్చారు. కాని చట్టం ఆమోదం పొందినంత మాత్రాన అందులోని ప్రతి హక్కూ ఆ రోజే చేతికి రాదు. ఆ భాగానికి అమలు తేదీ, నిబంధనలు విడిగా ప్రకటించవలసి ఉంటుంది. కనుక 'చట్టం వచ్చింది కదా' అని ఊరుకోకుండా, ఆ హక్కు తమ ఇంటికి అమలులోకి వచ్చిందా లేదా అని అక్కడి లాయరును అడిగి తెలుసుకోవాలి.

కట్టకపోతే ఏమవుతుంది?

ఫ్రీహోల్డ్ భూమి మీద డబ్బు కట్టే షరతు తరువాతి యజమానికి దానంతట అదే సంక్రమించదన్నది ఇంగ్లండులో 1885 నుంచి కోర్టులు పాటిస్తూ వస్తున్న సూత్రం. ఆ సూత్రాన్ని దాటడానికి బిల్డర్లు, కంపెనీలు వేరే దారులు తొక్కాయి. మొదటి దారి, ఇంటి రిజిస్టరులో ఒక ఆంక్ష రాయించడం. బాకీలన్నీ తీరాయని, కొత్త యజమాని షరతులకు ఒప్పుకున్నాడని కంపెనీ సర్టిఫికెట్ ఇస్తే గాని ఇల్లు ఇంకొకరి పేరు మీదకు మారదు. ఆ సర్టిఫికెట్‌కు, కాగితాలకు మళ్లీ రుసుము.

రెండవ దారి ఎస్టేట్ రెంట్‌చార్జి. 1977 నాటి చట్టం కొత్తగా రెంట్‌చార్జీలు సృష్టించడాన్ని నిషేధించినా, కాలనీ నిర్వహణ కోసం పెట్టే ఈ రకాన్ని మినహాయించింది. రెంట్‌చార్జి బకాయి 40 రోజులు దాటితే ఇంటిని స్వాధీనంలోకి తీసుకోవడానికి, లీజుకు రాయించుకోవడానికి సైతం 1925 నాటి ఆస్తి చట్టం అధికారం ఇచ్చింది. ఎవరో కొన్ని పౌండ్లు మరచిపోయినందుకు ఇంటి మీద 99 ఏళ్ల లీజు పడిన ఉదంతాలు కోర్టుల దాకా వెళ్లాయి. అవి పాతకాలపు రెంట్‌చార్జీలకు సంబంధించినవి. ఆ పాత రకం విషయంలో ఇలాంటి చర్యలను అడ్డుకునే నిబంధనలు 2024 చట్టంలో ఉన్నాయి. కాలనీల రెంట్‌చార్జిని మాత్రం వాటితో కలిపి చూడరాదు. అందువల్లనే ఇలాంటి షరతు ఉన్న ఇంటి మీద డబ్బు ఇవ్వడానికి కొన్ని ఆర్థిక సంస్థలు వెనుకాడతాయి, షరతును సవరించి రాయమంటాయి.

ఈ వివరాలన్నీ ఎందుకు చెప్పామంటే, ఈ చార్జీ ఇంటి విలువను తాకే సంగతి అని మన పాఠకులు గ్రహించాలి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ధరకు రెండు ఇళ్లు కొన్నారనుకోండి. ఒక ఇంటికి చార్జీ లేదు. రెండవదానికి ఏటా చార్జీ ఉంది, హద్దు లేదు. ఆ రెండిళ్లూ ఒకే ధరకు కొన్నట్టేనా? కాదని పొలం కొని అమ్మిన ఏ రైతయినా చెబుతాడు.

తడిసిన ధాన్యం

ఇక షరీఅత్ ఏమంటుందో చూద్దాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో వెళుతూ ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. పైకి పొడిగా ఉన్న ఆ రాశి లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడిందని అతను చెప్పాడు. అలాగయితే తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఈ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ వ్యాపారి అబద్ధం చెప్పలేదు. అడిగిన వెంటనే వాన పడిందని నిజమే చెప్పాడు. అయినా తప్పించుకోలేకపోయాడు. ఎందుకంటే అడగకముందే తడి కనిపించాలి. 'అడిగితే చెబుతాను' అన్న మాట ఆ ధాన్యపు రాశి దగ్గరే కొట్టివేయబడింది.

మరొక హదీసులో, లోపమున్న వస్తువును ఆ లోపం తెలియజెప్పకుండా తన సోదరునికి అమ్మడం ఏ ముస్లిముకూ ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) బోధించారు. మరి చార్జీని లోపం అనవచ్చునా? గోడ పగిలితే లోపం, కప్పు కారితే లోపం, చార్జీ కాగితం మీది షరతు మాత్రమే కదా అని కొందరు వాదిస్తారు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు దీనికి ఎంతో స్పష్టమైన కొలబద్ద ఇచ్చాయి. ఆ సరుకుతో వ్యాపారం చేసేవారి వాడుకలో దేనివల్ల ధర తగ్గుతుందో అదంతా లోపమే. హద్దు లేని చార్జీ వల్ల ఇంటి ధర తగ్గుతుందా? తగ్గుతుందన్న భయంతోనే కదా ఆ కుర్రవాడు చెప్పడానికి వెనుకాడుతున్నాడు! ఆ వెనుకాటే సాక్ష్యం. దాచిన లోపం తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవాడికి ఉంటుందని కూడా ఆ గ్రంథాలే చెబుతాయి.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా బట్టల వ్యాపారి. ఒకసారి ఆయన భాగస్వామికి సరుకు పంపుతూ, అందులో ఫలానా వస్త్రంలో లోపం ఉంది, కొనేవారికి చూపించి అమ్మమని చెప్పారు. భాగస్వామి మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు. కొన్నది ఎవరో కూడా తెలియలేదు. సంగతి తెలిసిన ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మునంతా దానం చేశారని చరిత్రకారులు రాశారు. అక్కడ దాపరికం లేదు, మరపు మాత్రమే ఉంది. ఆ మరపు సొమ్మును కూడా ఆయన ఇంట్లో ఉంచుకోలేదు.

ఇంగ్లండు పద్ధతిలో కొనేవాడే జాగ్రత్తపడాలన్నది పాత సూత్రం. అమ్మేవారు నింపే సమాచార పత్రంలో చార్జీల గురించి, తగాదాల గురించి ప్రశ్నలు ఉంటాయి. తెలిసీ తప్పు జవాబు రాస్తే అక్కడి చట్టం కూడా ఊరుకోదు. కొనేవారి లాయరు కంపెనీ నుంచి లెక్కలు తెప్పించుకుంటాడు. 'అయితే ఎలాగూ తెలుస్తుంది కదా, నేను ప్రత్యేకంగా చెప్పడమెందుకు?' అని ఆ కుర్రవాడు అనవచ్చు. కాగితంలో నిరుటి మొత్తం ఉంటుంది. ఆటస్థలం గేటు ఆరు నెలలుగా విరిగి ఉందని, ఫోను చేస్తే పలికే నాథుడు లేడని, వాననీటి చెరువు మరమ్మతుకు పెద్ద మొత్తం అడుగుతారని కాలనీలో అనుకుంటున్నారని కాగితంలో ఉండకపోవచ్చు. అది ఆ ఇంట్లో కాపురం చేసినవాడికే తెలుసు. తడి ఎక్కడుందో తెలిసిన చేయి అతనిదే.

"నాకు ఎవరు చెప్పారు?"

ఆ కుర్రవాడి ప్రశ్నలో బాధ ఉంది. దాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. బిల్డర్ మనిషి ఇల్లు చూపించేటప్పుడు వంటగది చూపించాడు, తోట చూపించాడు, చార్జీ మాట 'చాలా స్వల్పం' అని దాటవేశాడు. లాయరు పంపిన కాగితాల కట్టలో అది ఎక్కడో ఒక పేజీలో ఉంది. ఉద్యోగం, చిన్నపిల్లలు, పరాయి దేశం, గడువు దగ్గర పడుతోంది, సంతకం పెట్టేశాడు. అతనికి జరిగింది అన్యాయమే.

అయితే తనకు జరిగిన అన్యాయాన్ని మరొకరికి అంటగట్టి ఒడ్డున పడే హక్కు ఎవరికీ లేదు. తూనికలు, కొలతలలో మోసగించేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారని వారి గుణాన్ని వర్ణించింది. కొనేటప్పుడు 'నాకు అన్నీ చెప్పవలసింది' అని, అమ్మేటప్పుడు 'నేనెందుకు చెప్పాలి' అని అనడం ఆ రెండు కొలపాత్రలు వాడడమే. షుఐబ్ ప్రవక్త (అలై) తన మద్‌యన్ జాతికి చేసిన బోధలో ముఖ్యమైన అంశం ఇదే. ఆ జాతివారు దొంగలు కారు, వర్తకులు. తూకంలో పోయే కాస్తను లెక్కచేయని వర్తకులు.

అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ నిజం పలికి ఉన్నది ఉన్నట్టు బయటపెడితే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని ప్రవక్త (స) బోధించినట్టు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. బరకత్ అంటే ఏమిటో మన ఇళ్లలో పెద్దవారికి బాగా తెలుసు. పదివేలు వచ్చినా నిలవని ఇల్లు ఉంటుంది, వెయ్యితోనే గడిచిపోయే ఇల్లు ఉంటుంది.

కొనేవారి బాధ్యత

అమ్మేవారికి చెప్పాక కొనేవారికీ ఒక మాట చెప్పాలి. మన పిల్లలు ఇంగ్లండులో ఇల్లు కొనేటప్పుడు వడ్డీ విషయంలో నెలల తరబడి మథనపడతారు. మౌలానాలను అడుగుతారు. వడ్డీ లేని భాగస్వామ్య పద్ధతిలో ఇల్లు కొనే ఏర్పాట్ల కోసం వెతుకుతారు. అలాంటి కొనుగోలులో స్టాంపు పన్ను రెండుసార్లు పడే ఇబ్బందిని 2003లోనే అక్కడి ప్రభుత్వం తొలగించింది. ఈ తపన ఎంతో మెచ్చుకోదగినది. కాని అంత జాగ్రత్తపడినవారే హద్దు తెలియని చార్జీ షరతును చదవకుండా సంతకం పెడుతున్నారు.

వడ్డీని నిషేధించిన షరీఅత్ 'గరర్'ను కూడా నిషేధించింది. గరర్ అంటే ఏమి ఇస్తున్నామో, ఎంత ఇస్తున్నామో తేలని బేరం. నీటిలో ఉన్న చేపను, గాలిలో ఎగిరే పక్షిని అమ్మడం దీనికి ఫఖీహులు చెప్పే ఉదాహరణలు. ఎంత పెరుగుతుందో, ఎవరు నిర్ణయిస్తారో, ఎందుకు ఖర్చుపెడతారో తెలియని చార్జీకి ఒప్పుకునే ముందు కనీసం ఆ నీటిలోకి తొంగి చూడాలి కదా! సంతకం చేశాక మాత్రం మాట నిలబెట్టుకోవాలి. ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులకు ఖుర్ఆన్ ఆజ్ఞ ఉంది. అందుకే సంతకానికి ముందు రోజులే విలువైనవి.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం బఖరా సూరాలోని 282వది. అది ప్రార్థన గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు లావాదేవీని గడువుతో సహా రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. మొత్తం చిన్నదయినా పెద్దదయినా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఆదేశం ఉంది. చిన్నదే కదా అని వదిలేయడం మన అలవాటు. ఆ అలవాటు తెలిసినవాడు కనుకనే ప్రభువు చిన్నదాన్ని కూడా పేర్కొన్నాడు.

కనుక ఫ్రీహోల్డ్ అన్న మాట విని ఊరుకోకుండా, బయానా ఇవ్వకముందే ఈ ప్రశ్నలు అడగాలి. నోటిమాట కాకుండా కాగితం మీద జవాబు తీసుకోవాలి. ఈ ఇంటికి చార్జీ ఉందా? గత మూడేళ్లలో ఎంతెంత కట్టారు? పెంచడానికి హద్దు రాసి ఉందా? రోడ్లు కౌన్సిల్ తీసుకుంటుందా? తీసుకుంటే ఎప్పటికి? లెక్కలు ఎవరికి చూపిస్తారు? కట్టడం ఆలస్యమైతే ఏం చేస్తారు? అమ్మేటప్పుడు సర్టిఫికెట్‌కు ఎంత తీసుకుంటారు? షరతు రెంట్‌చార్జి రూపంలో ఉందా? మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఈ వివరాలు తెప్పించడానికి అక్కడి లాయర్లు వాడే ఫారం ఉంది. దాన్ని పంపమని గట్టిగా అడగాలి. బిల్డరు తానే చూపించిన లాయరు కన్నా మనం వెతుక్కున్న లాయరు మేలు.

మన ఊళ్లలో

ఇదంతా ఇంగ్లండు సంగతే అనుకోనవసరం లేదు. మన దగ్గర చదరపు అడుగుకు ఇంత అని నెలనెలా మెయింటెనెన్స్, చేరేటప్పుడు ఒకేసారి కార్పస్ ఫండ్ అన్న పేరుతో కొంత మొత్తం కట్టించుకునే కాలనీలు, అపార్ట్‌మెంట్లు లెక్కలేనన్ని. ఇక్కడ 2016 నాటి రెరా చట్టం కొంత నయం. కొన్నవారి సంఘం నిర్వహణ చేపట్టేవరకు అవసరమైన సేవలను సమంజసమైన చార్జీల మీద అందించే బాధ్యత బిల్డరుదేనని 11వ సెక్షన్ చెబుతుంది. ఉమ్మడి స్థలాలను సంఘానికి బదిలీ చేయాలని 17వ సెక్షన్ చెబుతుంది. కొన్నవారు తమ వంతు మెయింటెనెన్స్ కట్టాలని 19వ సెక్షన్ చెబుతుంది. చట్టం ముగ్గురికీ బాధ్యత పెట్టింది. మనలో చాలామందికి బిల్డరు బాధ్యత మాత్రమే గుర్తుంటుంది.

ఓడలో పై అంతస్తు కొందరికి, కింది అంతస్తు కొందరికి వచ్చిన ఉపమానాన్ని ప్రవక్త (స) చెప్పారు. కిందివారు నీటి కోసం పైకి వచ్చి పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని తమ భాగంలో రంధ్రం చేసుకోబోతారు. పైవారు వారిని ఆపకపోతే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. 'నేను కింది అంతస్తులో ఉన్నాను, లిఫ్టుకు నేనెందుకు కట్టాలి? నేను ఊళ్లో లేను, వాచ్‌మన్ జీతం నాకెందుకు?' అనేవారు ఈ ఉపమానాన్ని ఒకసారి తలచుకోవాలి. ముందే చెప్పి, లెక్క చూపించి అడిగే న్యాయమైన వంతును ఎగవేయడం పొరుగువారి సొమ్ము తినడమే. వాచ్‌మన్ కూలి ఆపడం అంతకన్నా పెద్ద పాపం.

అలాగే సంఘం పెద్దలుగా ఉన్నవారు ఆ డబ్బును అమానత్‌గా చూడాలి. మస్జిదు కమిటీ లెక్కలు అడిగే మనం కాలనీ లెక్కలు కూడా అడగాలి, అడిగినవారికి చూపించాలి. మదీనాలో రూమా బావి నీటిని డబ్బిస్తే గాని తోడుకోనివ్వని రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని ముస్లిములందరికీ ఉమ్మడి చేశారు. ఉమ్మడి సౌకర్యం ఎవరి చేతిలో ఉంటే వారి మీద జనం ఆధారపడతారని ఆయనకు తెలుసు. అందరమూ ఉస్మాన్లం కాలేము. కాని మన చేతికి వచ్చిన ఉమ్మడి సొమ్ములో పైసాకు పైసా లెక్క చెప్పడం మనందరికీ సాధ్యమే.

ఆ తరువాతి శుక్రవారం

ఆ పెద్దాయన మళ్లీ కనిపించారు. కొడుకు చార్జీ వివరాలు, వచ్చిన ఉత్తరాలు అన్నీ కొనబోయే కుటుంబానికి పంపాడట. వాళ్లు రెండు రోజులు ఆలోచించి, మాకు వద్దని మర్యాదగా చెప్పేశారట. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. "మావాడికి నా మీద కాస్త కోపంగానే ఉందండీ" అన్నారు ఆయన.

మేము ఆయనకు తేలికపాటి ఓదార్పు చెప్పలేదు. నిజం చెబితే వెంటనే లాభం వస్తుందని షరీఅత్ ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఒక్కోసారి నష్టం కూడా వస్తుంది. ఆ నష్టాన్ని ఓర్చుకోవడమే ఈమాన్‌కు పరీక్ష. ఒక తెలుగు కుటుంబం ఈ రోజు పరాయి దేశంలో, తెలియని బాకీ నెత్తికెత్తుకోకుండా బయటపడింది. వారికి ఆ కుర్రవాడి పేరు జీవితాంతం గుర్తుంటుంది. ఇల్లు అన్నీ తెలిసి కొనేవారికే, కొంత తక్కువ ధరకే అమ్ముడుపోవచ్చు. ఆ తక్కువ ధరే దాని అసలు ధర. మిగతాది అతనిది కానే కాదు.

మన పిల్లలు ఏ దేశంలో ఇల్లు కొన్నా, అమ్మినా, అడగకముందే నిజం చెప్పే ధైర్యాన్ని, సంతకానికి ముందు అడిగి తెలుసుకునే వివేకాన్ని, ఒప్పుకున్నది చెల్లించే నిజాయితీని అల్లాహ్ వారికి, మనకు ప్రసాదించుగాక! ఆమీన్.